వెనక్కి జరిగిన వ్యాను

పోయిన వారం మనం టీచరమ్మని పెద్ద మేడం గదిలో, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుని ఉండగా వదిలిపెట్టాం. ఆవిడ భర్త బజారు వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం నడిపేవాడు. ఎండాకాలంలో గోడౌన్ల మలుపు దగ్గర కారు ప్రమాదంలో పోయాడు. గుద్దిన వ్యాను డ్రైవరు మీద కేసు నడుస్తోంది. సెలవు ముగించుకుని బడికి తిరిగొచ్చిన ఆవిడకి పదో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే ఒక సన్నపాటి పిల్ల తెగ నచ్చింది. ఇంత చురుకైన పిల్లని చూసి చాలా కాలమైందని స్టాఫ్ రూములో చెప్పుకుని మురిసిపోయింది కూడా. ఆ పిల్ల ఆ వ్యాను డ్రైవరు కూతురని పెద్ద మేడం నోటి వెంట వినడంతో కిందటి భాగం ఆగింది.

"సెక్షన్ మార్చేస్తాను. నీకూ మంచిది, ఆ పిల్లకీ మంచిది" అంది పెద్ద మేడం.

"వద్దు."

"పోనీ, రేపటి పాఠమైనా ఇంకెవరి చేతనైనా చెప్పిస్తాను. బళ్ళు గుద్దుకోవడం గురించి నువ్వు చెప్పడమేమిటమ్మా, మేమంతా చూస్తూ ఊరుకోవడమేమిటి?"

"ఎవరి చేత చెప్పిస్తారండీ? తెలుగు మాస్టారి చేతా? ఆయన ద్రవ్యవేగాన్ని కూడా రాగం తీసి పాడతారు."

పెద్ద మేడం నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేసింది.

టీచరమ్మ వద్దన్నది పెద్ద మనసుతో అనుకునేరు. కాదు. ఆ పిల్ల తన కళ్ళెదుటే ఉండాలి. రోజూ తనని చూడాలి. చూసి లోలోపల కుమలాలి. తను ఇంట్లో ఒక్కతే పడుతున్న దాంట్లో పిసరంతైనా అవతలివాళ్ళకి అంటాలి. ఇలాంటి ఆలోచన తనకి వస్తుందని ఆవిడెప్పుడూ అనుకోలేదు. వచ్చాక సిగ్గు కూడా పడలేదు.

మర్నాడు పొద్దున ఆడపడుచు క్యారియరు కట్టి చేతికిచ్చింది. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి ఆ అమ్మాయి తన ఇల్లు అత్తగారికి వదిలేసి ఇక్కడే ఉంటోంది. వంటా తనదే, కోర్టు తిరుగుళ్ళూ తనవే.

"సాయంత్రం నేనే బడి దగ్గరికి వస్తాను వదినా. లాయరు దగ్గరికి వెళ్ళాలి. వచ్చే వారం వాయిదాకి నువ్వేం చెప్పాలో ఒకసారి అనిపిస్తారట."

"నేను చెప్పేదేముంది? నేనక్కడ లేను కదా."

"అన్నయ్య ఎంత జాగ్రత్తగా నడిపేవాడో అదొక్కటీ చెప్పు. అది అబద్ధం కాదుగా?"

అబద్ధం కాదు. ఆయన కారు నడిపితే సైకిళ్ళు దాటిపోయేవి. "మీరు దిగి తోస్తే ఇంతకన్నా ముందు చేరతాం" అని ఆవిడే ఎన్నిసార్లు ఆటపట్టించిందో. ఆ మాట ఇప్పుడు గుర్తుచేస్తే ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నవ్వాపుకుందో, ఏడుపాపుకుందో తెలియలేదు.

టీచరమ్మ పాఠం ప్రయోగశాలలో పెట్టింది. పొడుగాటి బల్ల మీద రెండు చిన్న ట్రాలీలు, ఇనప తూనికలు, బంకమట్టి ముద్ద. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. ఇంతకు ముందు సంవత్సరాల్లో ఈ పాఠమంటే పిల్లలకి పండగే. న్యూటనమ్మ, అంటే పిల్లలు టీచరమ్మకి పెట్టుకున్న పేరు, గుడ్డు విసరమంటుందని పై తరగతులవాళ్ళు చెప్పి ఉంటారు. ఇవాళ మాత్రం అందరూ చావింటికి పరామర్శకి వచ్చినవాళ్ళలా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఎవరైనా మాట్లాడచ్చు. నేనేం విరిగిపోను" అంది ఆవిడ.

దుప్పటి తెప్పించి ఇద్దరి చేత పట్టించింది. క్లాసులో అందరూ రేడియో అని పిలిచే వాగుడుకాయకి గుడ్డు ఇచ్చి, బలం కొద్దీ దుప్పటి మీదకి విసరమంది. వాడు విసిరాడు. గుడ్డు దుప్పటిలో మెత్తగా కూలబడి, దొర్లి, చెక్కుచెదరకుండా ఆగింది. రెండో గుడ్డు గోడకేసి కొట్టమంది. అది ఏమైందో చెప్పక్కర్లేదు.

"రెండూ ఒకే వేగంతో వెళ్ళాయి. రెండూ ఆగాయి. తేడా ఎక్కడుంది?"

"ఆగడానికి పట్టిన సమయంలో టీచర్" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"అంతే. నెమ్మదిగా ఆగితే దెబ్బ తక్కువ. చటుక్కున ఆగితే దెబ్బ ఎక్కువ. కారు ముందు భాగం అందుకే నలిగేలా చేస్తారు. అది నలుగుతున్నంతసేపూ లోపలి మనిషికి కాస్త వ్యవధి దొరుకుతుంది. బెల్టు పని కూడా అదే."

"అయితే నుజ్జయిన కారే మంచి కారన్నమాట" అన్నాడు రేడియో. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"అవున్రా. మంచి కారే" అంది ఆవిడ. కొత్త కార్లలో ఉండే గాలిసంచీ గురించి చెప్పబోయి, తమ పాత కారులో అది లేదన్న సంగతి గుర్తొచ్చి, అది వదిలేసి ముందుకు సాగింది.

"గుద్దుకోవడం అంటే ఒక్కటే అనుకుంటాం. కాదు, మూడు. మొదట బండి వెళ్ళి ఎదుటి దాన్ని గుద్దుతుంది. బండి ఆగినా లోపలి మనిషి ఆగడు. అతను పాత వేగంతోనే ముందుకెళ్ళి బెల్టునో స్టీరింగునో గుద్దుకుంటాడు. అది రెండోది. మూడోది..." సుద్దముక్క చేతిలో అటూ ఇటూ తిప్పింది. "మూడోది మనిషి లోపల జరుగుతుంది. ఒళ్ళు ఆగిపోయింది. గుండె, కాలేయం ఆగలేదు. ఆగమని వాటికెవరూ చెప్పలేదు. అవి ఇంకా వెళుతూనే ఉంటాయి. పక్కటెముకలు అడ్డమొచ్చేదాకా."

బయట దెబ్బలేం పెద్దగా లేవమ్మా అని ఆ రోజు డాక్టరు అన్నాడు. ఆ మాట విని ఆడపడుచు ఆశపడింది. ఆవిడ పడలేదు. అందరికీ పాఠంగా చెప్పే సంగతి తన ఇంటికి వచ్చి కూర్చుందని ఆవిడకి ఆ గదిలో నిలబడగానే అర్థమైంది. అంతా అయిపోయిందని చెప్పాక, క్షణంలో పోయారు, ఆయనకేమీ తెలిసి ఉండదు అని కూడా డాక్టరే అన్నాడు. ఆ ఒక్క మాటా పట్టుకుని ఇన్నాళ్ళూ లేస్తోంది, తింటోంది, పడుకుంటోంది.

"ఇక ఇది చూడండి" అని ట్రాలీల వైపు తిరిగింది. ఒక దాని మీద తూనికలు పెట్టి బరువు చేసింది. రెండో దాని మూతికి బంకమట్టి అంటించింది, రెండూ గుద్దుకుని అతుక్కుపోయేలా. "అతుక్కున్నాక రెండూ కలిసి ఎటు వెళతాయి? ముందు ఎవరి ద్రవ్యవేగం ఎక్కువుంటే అటు. బరువూ వేగమూ రెండూ కలిపి చూడాలి."

"టీచర్."

కిటికీ పక్క పిల్ల. రెండు జడలు, చేతిలో నలిగిన రుమాలు. అడుగు ముందుకు వేసింది.

"అడుగు."

"బరువైనది వ్యాను అనుకుందాం టీచర్. తేలికైనది కారు. రెండూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకుని, వ్యాను వెనక్కి జరిగి వెనక ఉన్న గోడ పడగొట్టిందనుకోండి. అప్పుడు..." రుమాలు మెలిపెట్టింది. "అప్పుడు ఆ వ్యాను ముందుకు వస్తూ ఉన్నట్టా, ఆగి ఉన్నట్టా?"

గోడౌను గోడ పడిన సంగతి ఊళ్ళో ఎవరికి తెలియదు? రోడ్డు అక్కడ ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర, తిన్నగా వచ్చేవాళ్ళకి ఎదురుగా, రోడ్డు పక్క మట్టిలో, గోడకి వీపు పెట్టి నిలబెట్టుకుంటారు బళ్ళు. అక్కడి నుంచి వ్యాను ఒక్కసారిగా రోడ్డెక్కి కారు మీదకి దూకిందని పోలీసులు రాశారు. డ్రైవరుని అడిగితే అవుననలేదు, కాదనలేదు. నోరే విప్పలేదు. తప్పు చేశాడు కాబట్టే నోరు లేవడం లేదని అందరూ అనుకున్నారు. టీచరమ్మ కూడా.

"కూర్చో" అనచ్చు. "అది పాఠంలో లేదు" అనచ్చు. అన్నా పిల్లల్లో ఎవరూ తప్పు పట్టరు. కానీ ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర నిలబడి, అడిగిన ప్రశ్నని ఆవిడ ఏనాడూ తోసెయ్యలేదు. చేతులు వాటంతటవే ట్రాలీల మీదకి వెళ్ళాయి.

బరువు ట్రాలీని మెల్లగా ముందుకు తోసింది, తేలిక దాన్ని ఎదురుగా తోసింది. రెండూ అతుక్కుని, తేలిక ట్రాలీ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ చేసింది. ఈసారి తేలిక దాన్ని కొంచెం జోరుగా వదిలింది. బరువుది అయినా నెట్టుకుంటూ ముందుకే వచ్చింది. మూడోసారి బరువు ట్రాలీని కదలకుండా ఉంచి, తేలిక దాన్ని వదిలింది. టక్కుమని తగిలి అతుక్కుని రెండూ కలిసి బరువు ట్రాలీ వీపు వైపుకి, బల్ల చివరిదాకా జరిగాయి. రేడియో చెయ్యి అడ్డం పెట్టకపోతే కింద పడేవే.

"కారు మరీ విపరీతమైన వేగంతో వస్తే తప్ప..." అని మొదలుపెట్టింది ఆవిడ. మాట పూర్తి చెయ్యలేకపోయింది. సైకిళ్ళు దాటిపోయే కారు అది.

"ఆగి ఉంది" అంది చివరికి. "వ్యాను ఆగి ఉంది."

గంట కొట్టారు. ఎప్పుడూ తోసుకుంటూ పరిగెత్తే పిల్లలు ఆ రోజు ఒకళ్ళ వెనక ఒకళ్ళు తలలు వంచుకుని బయటికి నడిచారు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు.

"మీ నాన్న ఈ మాట పోలీసులకెందుకు చెప్పలేదు?"

"నాన్న ఎవరికీ ఏమీ చెప్పడు టీచర్. అమ్మ కాళ్ళు పట్టుకుని అడిగినా చెప్పలేదు. నేనే వెళ్ళి ఆ గోడ చూసొచ్చాను. ఇటుకలన్నీ అవతలి వైపే పడున్నాయి."

"చూసొచ్చి, అందరి ముందూ నన్ను అడుగుతావా? చచ్చిపోయిన మనిషిదే తప్పని నా నోటితోనే చెప్పించాలనా? ఎంత గుండె ధైర్యమే నీకు!"

పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. అయినా తల దించలేదు. "ఎవరినడిగినా మాకు నచ్చినట్టో మీకు నచ్చినట్టో చెప్తారు. మీరు బోర్డు దగ్గర నిలబడి తప్పు లెక్క చెయ్యరని అడిగాను టీచర్. నాన్న జైలుకి వెళితే మేమేమైపోతామో..."

"నీకు జైల్లోనైనా ఉంటాడే నాన్న!"

ఆ మాట అనేసి, అన్నది తనేనా అని బిత్తరపోయింది టీచరమ్మ. పిల్ల చెంప మీద కొట్టినట్టు వెనక్కి తగ్గి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ బల్ల ముందు ఒంటరిగా కూర్చుంది. బంకమట్టి ముద్ద మీద ట్రాలీ మూతి ముద్ర పడి ఉంది. వ్యాను ఆగి ఉంటే మరి కారెందుకు ఆగలేదు? బ్రేకు గట్టిగా వేస్తే రోడ్డు మీద టైర్లు నల్లగా గీతలు గీస్తాయి. ఏటా పిల్లల్ని బడి ముందు రోడ్డు మీదకి తీసుకెళ్ళి ఆ గీతలు చూపించే మనిషి తను. ఆయన పోయిన కొన్నాళ్ళకి ఆ మలుపు దగ్గరికి వెళ్ళినప్పుడు కాళ్ళ దగ్గర వెతికింది కూడా. ఒక్క గీతైనా కనపడలేదు. వానకి కొట్టుకుపోయి ఉంటాయని సరిపెట్టుకుంది. ఎండాకాలంలో వానేమిటని అప్పుడు అనుకోలేదు. అనుకోవడం ఇష్టం లేక అనుకోలేదు.

బ్రేకు వెయ్యలేదు. మలుపు తిప్పలేదు. పట్టపగలు, ఎదురుగా కొండలాంటి వ్యాను పెట్టుకుని, వేగం ఇసుమంతైనా తగ్గించకుండా వెళ్ళిపోయాడు. ఎందుకు? బతకడం ఇష్టం లేకనా? తనతో బతకడం ఇష్టం లేకనా? ఆ ఆలోచన వచ్చాక ఆవిడకి మిగతా తరగతులు ఎలా గడిచాయో తెలియలేదు. ఏడో తరగతికి ఏం చెప్పిందో, చెప్పిందో లేదో కూడా తెలియదు.

బడి వదిలేసరికి గేటుకి ఎదురుగా, రోడ్డుకి అవతల సైకిళ్ళ స్టాండు పక్కన, బెయిలు మీద ఉన్న ఆ డ్రైవరు కూతురి కోసం నిలబడి ఉన్నాడు. కోర్టు వరండాలో చూసినప్పటికన్నా సగం అయిపోయాడు. టీచరమ్మ రోడ్డు దాటి తిన్నగా తన దగ్గరికే రావడం చూసి చేతులు జోడించాడు. పిల్ల తండ్రి చొక్కా పట్టుకుంది.

"మీ వ్యాను ఆగి ఉంది. నాకు తెలుసు. ఆయన బ్రేకు వెయ్యలేదు. అదీ తెలుసు. ఎందుకు వెయ్యలేదో మీరు చెప్పండి."

"అమ్మా, నన్నడక్కండి."

"పోయినవాడు నా మొగుడయ్యా! నేను కాక ఎవరడుగుతారు?"

అతను కూతురి తల మీద చెయ్యి వేసి, అరిగిపోయిన గొంతుతో మొదలుపెట్టాడు.

"అప్పుడే బండాపి దిగానమ్మా. హ్యాండ్‌బ్రేకు అంతంతమాత్రం, రాయి పెడదామని పక్కకి వెళ్ళాను. కారొస్తోంది. మెల్లగానే వస్తోంది. మలుపు తిప్పుతారనుకున్నాను. తిప్పలేదు. చేతులూపాను, గొంతు చించుకుని అరిచాను. నా వైపే మొహం పెట్టి, అలాగే వచ్చి వ్యానుని గుద్దేశారు. పరిగెత్తి కారు తలుపు లాగాను. రాలేదు. పగిలిన అద్దంలోంచి నా చెయ్యి పట్టుకున్నారు."

"పట్టుకున్నారా? క్షణంలో పోయారని డాక్టరు..."

"లేదమ్మా. ఉన్నారు. మాట్లాడారు."

టీచరమ్మ సైకిలు సీటు ఒకటి దొరికితే దాన్ని పట్టుకుంది. ఇన్నాళ్ళూ పట్టుకుని వేళ్ళాడిన ఆ ఒక్క మాటా చేతుల్లోంచి జారిపోయింది.

"ఏం మాట్లాడారు?"

"'అక్కడ బండి ఉందా?' అని అడిగారమ్మా. వ్యాను ముక్కు ఆయన కళ్ళ ముందే ఉంది. 'నిజంగా ఉందా?' అని అడిగారు." డ్రైవరు మొహం తుడుచుకున్నాడు. "ఎదురుగా ఉన్నది కనపడట్లేదయ్యా, పక్కలవే కనపడతాయి, చాన్నాళ్ళయింది అన్నారు. పదిమందికీ కళ్ళు చూసేవాణ్ణి, నాకే ఇలా అయిందన్నారు. నన్ను మాటివ్వమన్నారు. 'మా ఆవిడకి చెప్పకు. తట్టుకోలేదు' అన్నారు."

రోడ్డు మీద బళ్ళు వెళుతూనే ఉన్నాయి. పోయేముందు ఏడాదిగా రోజూ సాయంత్రం ఆయన పేపరు తెచ్చి ఒళ్ళో పడేసేవాడు. "నువ్వు చదువు, నీ గొంతులో వింటే వార్తలు కూడా బాగుంటాయి" అనేవాడు. ఈ వయసులో ఈ ముద్దేమిటని లోలోపల పొంగిపోయేది. పేజీలు పేజీలు చదివేది. ఎదురుగా కూర్చున్న తన మొహం ఆయనకి కనిపించేదా? ఆఖరుసారి తన మొహం ఎప్పుడు చూశాడు?

"నాకు చెప్పచ్చు కదా" అంది ఎవరితోనో. "నాకొక్కదానికి చెప్పచ్చు కదా."

"ఆ మాట నేనూ అన్నానమ్మా, ఇంట్లో ఎవరికైనా చెప్పాల్సింది కదా అని. అప్పుడన్నారు..." అతను ఆగి, కూతురి వైపూ రోడ్డు వైపూ చూశాడు. "'మా చెల్లెలికి తెలుసు. అది చెప్పదు. నువ్వూ చెప్పకు' అన్నారు. అదే ఆఖరమ్మా."

పొద్దున క్యారియరు కట్టి ఇచ్చిన చెయ్యి. లాయరు చుట్టూ తిరిగిన కాళ్ళు. అన్నయ్య ఎంత జాగ్రత్తగా నడిపేవాడో అదొక్కటీ చెప్పు, అబద్ధం కాదుగా అన్న నోరు. తెలిసే ఆ మనిషిని కారు నడపనిచ్చిందా? తెలిసే ఈ మనిషిని జైలుకి తోస్తోందా?

అద్దె కారు ఒకటి గేటు ముందు వచ్చి ఆగింది. వెనక తలుపు తీసుకుని ఆడపడుచు దిగింది, చేతిలో కోర్టు కాగితాల సంచీతో. "వదినా, ఆలస్యమైంది, పద..." అంటూ తలెత్తింది. సైకిళ్ళ పక్కన నిలబడ్డ ముగ్గురినీ చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

వదిన వైపు ఒక్క చూపైనా చూడలేదు. చరచరా రోడ్డు దాటి, నేరుగా డ్రైవరు ఎదుటికి వెళ్ళింది.

"చెప్పేశావా? చెప్పనని నీ పిల్ల మీద ఒట్టేసి నాక్కూడా మాటిచ్చావు కదయ్యా!"